రాతను ముట్టకుండా రంగు వేసే పనిముట్టు: చిత్తూరు డీటీపీ బల్ల నుంచి కస్టమ్ హైలైట్ రివ్యూ

బ్రౌజర్‌లో తెరిచిన రాతలో మనం ఎంచుకున్న మాటల మీద మాత్రమే రంగు వేసే సదుపాయం ఇప్పుడు పెద్ద బ్రౌజర్లన్నిటిలోనూ ఉంది. దాని పూర్తి పేరు సీఎస్ఎస్ కస్టమ్ హైలైట్ ఏపీఐ. డబ్బు కట్టే పని లేదు, విడిగా ఇన్‌స్టాల్ చేసే పని లేదు. పేజీ చేత పనులు చేయించే భాష జావాస్క్రిప్ట్, పేజీకి రంగూ రూపూ ఇచ్చే భాష సీఎస్ఎస్, ఈ రెండూ కొంచెం కొంచెం వచ్చి ఉంటే చాలు. నేను దీన్ని క్రయ దస్తావేజుల చిత్తుప్రతులు సరిచూడడానికి వాడుతున్నాను. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. అర మార్కు ఎక్కడ తగ్గిందో, తెలుగు రాతకు వాడాలంటే మనం ఏమేం చేసుకోవాలో వివరంగా రాస్తాను. ఎందుకంటే దీని గురించి నాకు దొరికిన ఉదాహరణలన్నీ ఇంగ్లీషు రాత మీదే ఉన్నాయి. వాటిని ఉన్నది ఉన్నట్టు తెచ్చి తెలుగు మీద పెడితే సగం పని కూడా జరగదు.

ముందు మా పని ఏంటో చెప్పాలి. మా మామగారు దస్తావేజు లేఖరి. ఆయన చెప్తారు, నేను కొడతాను. మామూలు క్రయ దస్తావేజులో వ్రాయించి ఇచ్చినవారి పేరు, వ్రాయించుకొన్నవారి పేరు, తండ్రి పేరు, ఊరు, లింకు దస్తావేజు నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, చెక్కుబంది (నాలుగు దిక్కుల హద్దులు), ఇవన్నీ మళ్లీ మళ్లీ వస్తాయి. మొదటి పేజీలో ఒకసారి, మధ్యలో ఒకసారి, షెడ్యూలులో ఇంకోసారి. అన్నిచోట్లా ఒక్కటిగా ఉండాలి. పేరులో ఒక గుణింతం తేడా వచ్చినా, సర్వే నంబరులో ఒక అంకె తప్పినా, రిజిస్ట్రేషన్ అయిపోయాక సవరణ దస్తావేజు రాయించుకోవాల్సి వస్తుంది. అమ్మినాయన బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటే ఆయన్ని మళ్లీ రప్పించాలి. చనిపోయి ఉంటే వారసులందరినీ కూర్చోబెట్టాలి. భూమి కొన్న మనిషికి అది ఎంత టెన్షనో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు.

మా చిత్తూరు వైపు పేర్ల సంగతి ఇంకా కష్టం. ఒకే మనిషి ఆధార్‌లో మునెమ్మ, పాస్‌బుక్‌లో మునియమ్మ, పాత దస్తావేజులో మునిఅమ్మ. ఊరి పేరు ఒక కాగితంలో బంగారుపాళ్యం, ఇంకో దాంట్లో బంగారుపాళెం, మరో దాంట్లో బంగారుపాలెం. అరవనాడు పక్కనే ఉండడంతో గుడిపాల, యాదమరి వైపు నుంచి వచ్చే కాగితాల్లో పేర్లు అరవం పలుకుబడిలో రాసి ఉంటాయి. ఏది ఎక్కడ ఎలా రాశామో ఒక్క చూపులో తెలియాలంటే రంగు కావాలి. ఒక్క రంగు చాలదు. పేర్లకు ఒకటి, సర్వే నంబర్లకు ఒకటి, విస్తీర్ణానికి ఒకటి, అనుమానం ఉన్నచోటికి ఇంకొకటి.

వర్డ్‌లోనో బ్రౌజర్‌లోనో కంట్రోల్ ఎఫ్ కొడితే అప్పటికి ఒక్క మాటే వెతుకుతుంది. అన్ని రకాలనూ ఒకేసారి చూపదు. అందుకే నేను సొంతంగా ఒక పేజీ తయారు చేసుకున్నాను. చిత్తుప్రతిని అందులో అతికిస్తే రంగులు పడాలి, అక్కడే దిద్దుకోవాలి, దిద్దాక కాపీ చేసి అసలు ఫైలులో పెట్టుకోవాలి. ఆధార్, పాన్ నంబర్లు ఉండే కాగితాలు కాబట్టి ఆ పేజీ నా కంప్యూటర్‌లో ఒక ఫైలుగానే ఉంటుంది. ఇంటర్నెట్‌లోకి ఒక్క అక్షరం పోదు.

ఇలాంటి పనికి మొన్నమొన్నటి దాకా ఎక్కువగా వాడిన దారి ఒకటి ఉంది. దొరికిన ప్రతి మాట చుట్టూ మార్క్ అనే ట్యాగ్, అంటే పేజీ కోడ్‌లో రాసే గుర్తు, పెట్టడం. మార్క్ జేఎస్ లాంటి లైబ్రరీలు చేసేదీ అదే. కేవలం చదివే పేజీ అయితే అది బాగానే నడుస్తుంది. దిద్దే పేజీలో మాత్రం ట్యాగ్ పెట్టడమంటే రాతను ముక్కలు చేయడమే. ఒక వాక్యంగా ఉన్నది ఐదారు ముక్కలవుతుంది. రంగు తీసేసినా ముక్కలు ముక్కలుగానే ఉంటాయి, వాటిని మళ్లీ అతికించడానికి నార్మలైజ్ అనే ఫంక్షన్ పిలవాలి. టైపు చేస్తూ ఉండగా స్క్రిప్టు ట్యాగులు మారిస్తే కర్సర్ ఎక్కడికో ఎగిరిపోతుంది, కంట్రోల్ జెడ్ నమ్మదగ్గదిగా ఉండదు. ఒక పేరు సగం బోల్డ్‌లోనూ సగం మామూలుగానూ ఉంటే, ఆ పేరు మొత్తం చుట్టూ ఒకే ట్యాగ్ పెట్టమంటే బ్రౌజర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది కాపీ చేసినప్పుడు. ఆ పసుపు రంగు కూడా వెంట వచ్చి వర్డ్‌లో కూర్చుంటుంది. దస్తావేజులో అది ఉండకూడదు.

కస్టమ్ హైలైట్ ఈ గొడవ మొత్తాన్ని తీసేసింది. దస్తావేజు మీద ట్రేసింగ్ కాగితం పరిచి దాని మీద గీసినట్టు ఉంటుంది దీని పని. కింద రాత అలాగే ఉంటుంది. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే రేంజ్ ఒకటి తయారు చేస్తాం. అలాంటి రేంజ్‌లు ఎన్ని ఉన్నా కలిపి ఒక హైలైట్ వస్తువులో వేస్తాం. దానికి 'పేర్లు' అనో 'సర్వే' అనో ఒక పేరు పెట్టి, సీఎస్ఎస్ డాట్ హైలైట్స్ అనే పట్టికలో నమోదు చేస్తాం. ఆ పేరుకు ఏ రంగు వేయాలో స్టైల్ షీట్‌లో రాస్తాం. అంతే. ట్యాగ్ పడదు, ముక్క కాదు, కర్సర్ కదలదు, కంట్రోల్ జెడ్ మామూలుగా పనిచేస్తుంది. కాపీ చేస్తే రాత మాత్రమే వస్తుంది, మనం వేసిన రంగు రాదు. సగం బోల్డ్ ఉన్న పేరైనా రేంజ్ ఒక ముక్కలో మొదలై ఇంకో ముక్కలో ముగియవచ్చు, అభ్యంతరం లేదు.

ఒక షరతు మాత్రం ముందే తెలుసుకోవాలి. ఇది టెక్స్ట్ ఏరియా, అంటే ఫారాల్లో టైపు చేసే పెట్టె, లోపలి రాత మీద పనిచేయదు, ఎందుకంటే ఆ పెట్టె లోపలికి రేంజ్ వెళ్లదు. కంటెంట్ ఎడిటబుల్ (దిద్దవచ్చు) అని పెట్టిన మామూలు డివ్, అంటే పేజీలోని ఒక భాగం, వాడుకోవాలి. దిద్దుబాటు పేజీ కట్టాలనుకునేవాళ్లు మొదటి రోజే ఈ నిర్ణయం తీసుకుంటే తర్వాత తిప్పలు ఉండవు.

ఇక తెలుగు సంగతి. ఈ రివ్యూలో నాకు ముఖ్యమైంది ఇదే. కస్టమ్ హైలైట్ చేసేది మనం చెప్పినచోట రంగు వేయడం వరకే. ఎక్కడ వేయాలో వెతికి పెట్టాల్సింది మనమే. ఇంగ్లీషుకు ఆ వెతుకులాట రెండు లైన్ల పని. తెలుగుకు అసలు పనంతా అక్కడే ఉంది.

మొదటిది అక్షరం మధ్యలో తెగడం. 'రామ' అని వెతికితే 'రామాపురం'లోనూ దొరుకుతుంది. కంప్యూటర్ లెక్కలో మ వేరు, దాని పక్కన ఉన్న దీర్ఘం వేరు. కాబట్టి రేంజ్ మ దగ్గర ముగిసి, దీర్ఘం బయట మిగిలిపోతుంది. మన కంటికి 'మా' ఒక్క అక్షరం. ఇలా తెగినచోట ఒక్కో బ్రౌజర్ ఒక్కో తీరుగా గీస్తుంది. పాత ట్యాగ్ పద్ధతిలో అయితే ఇది ఇంకా ఘోరం, గుణింతం విడిపోయి దాని పక్కన చుక్కల సున్న ప్రత్యక్షం కావచ్చు. కస్టమ్ హైలైట్‌లో అక్షరం రూపు చెడదు, ఎందుకంటే రాతను ఎవరూ విడదీయలేదు. అయినా రంగు సగం అక్షరం మీద పడితే చూసేవాళ్లు అది తప్పేమో అనుకుంటారు. అందుకని రేంజ్ ముగిసేచోట తర్వాతి గుర్తు గుణింతమో, పొల్లో, సున్నో, విసర్గో అయితే దాన్ని కూడా కలుపుకుని ముందుకు జరిపే చిన్న ఫంక్షన్ రాసుకోవాలి. పొల్లు తర్వాత హల్లు వస్తే అది ఒత్తు, దాన్నీ కలుపుకోవాలి. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్ నంబర్లు ఇచ్చే ప్రమాణం యూనికోడ్. 2023 సెప్టెంబరులో వచ్చిన దాని 15.1 వెర్షన్‌లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు ఈ ఒత్తు నియమం అధికారికంగా చేరింది. రాతను అక్షరాలుగా విడగొట్టే, బ్రౌజర్‌లోని ఇంటల్ సెగ్మెంటర్ చేత ఈ పని చేయించవచ్చు. కానీ మా వీధిలో ఒక్కో షాపులో ఒక్కో వయసు కంప్యూటర్ ఉంది కాబట్టి నేను సొంత నియమమే వాడతాను. తెలుగు అక్షరాలన్నీ యూనికోడ్‌లో ఒకే వరుసలో ఉంటాయి, ఆ ఫంక్షన్ రాయడం పెద్ద కష్టం కాదు.

రెండోది కంటికి కనిపించని గుర్తు. చెంగల్రాయులు, చెంగల్‌రాయులు, ఈ రెండూ చూడండి. రెండోదాంట్లో ల పొల్లు విడిగా నిలబడాలని మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పెట్టి ఉంది. దానికి వెడల్పు లేదు, రూపం లేదు. మామూలు వెతుకులాటకు ఇవి రెండు వేరు వేరు పేర్లు. ఒకటి వెతికితే రెండోది దొరకదు. దస్తావేజులో అలా ఒకటి వదిలేస్తే సరిచూసిన ప్రయోజనం ఏముంది? పాత ఫాంట్లలో కొట్టిన ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఈ గుర్తు ఉండాల్సినచోట పోతుంది, అక్కర్లేనిచోట వచ్చి కూర్చుంటుంది.

మూడోది ఐత్వం. 'పై'లోని ఐత్వం ఒకే గుర్తుగా ఉండవచ్చు, లేకపోతే పైన ఎత్వం, కింద ఇంకో చిన్న గుర్తు, రెండు ముక్కలుగానూ ఉండవచ్చు. తెర మీద రెండూ ఒకటే. పోల్చినప్పుడు మాత్రం ఒకటి కాదు. జావాస్క్రిప్ట్‌లో రాతను నార్మలైజ్ చేస్తే (ముక్కలు అతికించే ఆ నార్మలైజ్ కాదు, ఇది వేరు) రెండూ ఒకటవుతాయి, కానీ అక్షరాల లెక్క మారిపోతుంది. లెక్క మారితే రంగు పక్కకు జరుగుతుంది.

ఈ రెంటికీ నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. రాతకు ఒక వెతుకుడు ప్రతి తయారు చేస్తాను. అందులో కనిపించని గుర్తులు తీసేసి, ఐత్వం కలిపేసి, బండి ఱను మామూలు ర చేసి పెడతాను. ఆ ప్రతిలోని ప్రతి గుర్తుకూ అసలు రాతలో అది ఎన్నోదో పక్కన ఒక పట్టిక ఉంటుంది. వెతకడం ఆ ప్రతిలో, రంగు వేయడం అసలు రాతలో. చిత్తుప్రతిలో ఒక్క గుర్తు కూడా మారదు. ఈ పద్ధతికి కస్టమ్ హైలైట్ చక్కగా కుదిరింది, ఎందుకంటే దానికి కావలసింది మొదలు, చివర, ఈ రెండు లెక్కలే. మార్క్ ట్యాగుతో ఇదే పని చేయాలంటే ప్రతి ట్యాగుకూ లెక్కంతా మళ్లీ కట్టాలి.

నాలుగోది మాట అంచు. ఇంగ్లీషు ఉదాహరణల్లో మాట మొదలు, చివర పట్టుకోవడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో, అంటే ఏం వెతకాలో చెప్పే సూత్రంలో, బ్యాక్‌స్లాష్ బి అని ఒక గుర్తు వాడతారు. అది ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కింది గీత తప్ప మరేదీ అక్షరంగా లెక్కపెట్టదు. తెలుగు మాటకు దాని దృష్టిలో అంచే లేదు. యూనికోడ్‌లో అక్షరం, గుణింతం అనే తరగతులు వేరుగా ఉన్నాయి, వాటితో మన అంచు మనమే రాసుకోవాలి. అది కూడా మాట మొదట్లోనే పెట్టాలి, చివర్లో పెట్టకూడదు. మునెమ్మకు, మునెమ్మగారికి, మునెమ్మవద్ద, అన్నీ దొరకాలి కదా.

సర్వే నంబర్లకు మాత్రం దీనికి నేరుగా ఎదురు. అక్కడ రెండు వైపులా గట్టి అంచు ఉండాలి. 145/2 అని వెతికితే 145/2ఎ దొరకకూడదు, 1145/2 అసలే దొరకకూడదు. 145/2 వేరు పొలం, 145/2ఎ వేరు పొలం, యజమానులు వేరు. వదులుగా వెతికే పేజీ ఈ రెండింటికీ ఒకే రంగు వేస్తే, చూసేవాడికి అంతా సరిగ్గా ఉన్నట్టే కనబడుతుంది. అలాంటి రంగు కంటే రంగు లేకపోవడమే మేలు.

మా డీటీపీ వాళ్లకు బాగా తెలిసిన ఇంకో రోగం సున్న. హడావుడిలో 'సం' కొట్టే బదులు స పక్కన అంకె 0 కొట్టేస్తారు. ప్రింటులో దాదాపు ఒకేలా ఉంటుంది. పేరు వెతికితే దొరకదు. తెలుగు అక్షరాన్ని ఆనుకుని అంకె 0 ఉంటే చాలు, నా పేజీ దాని మీద ఎర్ర రంగు వేస్తుంది. ఈ ఒక్క నియమం కోసమైనా ఇలాంటి పేజీ ప్రతి డీటీపీ షాపులోనూ ఉండాలని నేను గట్టిగా అంటాను.

విస్తీర్ణం దగ్గర ఇంకొంచెం చేయించవచ్చు. సెంటుకు 48.4 చదరపు గజాలు. '5 సెంట్లు అనగా 242 చదరపు గజాలు' అని ఉంటే లెక్క కుదిరింది, ఆకుపచ్చ. 5 సెంట్ల పక్కన 224 అని ఉంటే అంకెలు తారుమారైనట్టు, ఎరుపు. అంకణాల జోలికి మాత్రం నేను పోలేదు. ఒక్కోచోట ఒక్కో కొలత, అది మనిషే చూసుకోవాలి.

పేజీని మామకు చూపించినప్పుడు ఆయన రంగుల గురించి ఏమీ అనలేదు. చెక్కుబంది మీద వేలు పెట్టి, "ఉండేదానికి రంగేస్తాంది సరేమ్మా, లేనిదానికి యాడ వేస్తాది? ఉత్తరం రాయకుండా వదిలేస్తే ఇది చెప్తాదా?" అన్నారు. చాలా సరైన మాట. హైలైట్ ఉన్న రాత మీదే పడుతుంది. తప్పిపోయిన దాని మీద పడడానికి అక్కడ రేంజ్ ఉండదు. నలభై ఏళ్లుగా దస్తావేజులు రాసిన మనిషి మొదట వెతికేది లేనిదాన్నే. ఆయన మాట మీద రెండు మార్పులు చేశాను. షెడ్యూలులో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగింటిలో ఏ ఒక్కటి రాకపోయినా 'చెక్కుబంది' అనే శీర్షిక మీదే ఎరుపు పడుతుంది. పక్కన ఒక పట్టిక కూడా పెట్టాను: ఏ పేరు ఎన్ని రూపాల్లో ఉంది, ఏది అసలు లేదు. ఇప్పుడు ఆయన ముందు చూసేది ఆ పట్టికనే.

రంగు మీద రంగు పడే సందర్భాలు దస్తావేజులో చాలా వస్తాయి. చెక్కుబందిలో 'తూర్పు: మునెమ్మ పొలం' అని ఉంటే, మొత్తం వాక్యానికి ఒక రంగు, అందులోని పేరుకు ఇంకొకటి. మార్క్ ట్యాగులు ఇలాంటిచోట ఒకదానిలో ఒకటి ఇరుక్కునేవి. ఇక్కడ ప్రతి హైలైట్‌కూ ప్రయారిటీ అని ఒక అంకె ఇవ్వవచ్చు, పెద్ద అంకె ఉన్నది పైన గీస్తుంది. ఇవ్వకపోతే అన్నిటికీ సున్నా, అప్పుడు చివర నమోదైనది పైకి వస్తుంది. నేను అనుమానాలకు అన్నిటికంటే పెద్ద అంకె ఇచ్చాను. ఒకదానికి నేపథ్య రంగు, ఇంకోదానికి కింద గీత అని పంచుకుంటే రెండూ ఒకే మాట మీద కలిసి కనిపిస్తాయి. ఈ భాగాన్ని తయారుచేసినవాళ్లు బాగా ఆలోచించి చేశారు. నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చినదీ ఇదే.

టైపు చేస్తూ ఉంటే రంగులు వెంట కదలాలంటే రెండు దారులు. మామూలు రేంజ్ పెడితే రాతలో మార్పు జరిగినప్పుడల్లా బ్రౌజరే దాని అంచులు జరుపుతుంది. వేలకొద్దీ రేంజ్‌లు ఉంటే ఆ పని భారమవుతుంది. స్టాటిక్ రేంజ్ అని ఇంకోటి ఉంది, అది కదలదు, తేలిక. నేను స్టాటిక్ రేంజ్‌లే వాడి, టైపు చేయడం కాసేపు ఆగగానే మారిన పేరా వరకే మళ్లీ వెతికిస్తాను. ఎలాగూ పేరు దిద్దితే వెతుకులాట మళ్లీ చేయాల్సిందే కాబట్టి, మా పనికి ఇదే కుదురుతుంది. ఏ రంగులు మార్చినా పేజీలో మాటల స్థానాలు మారవు, వాటి మీద పూత మాత్రమే మారుతుంది. అందుకే పాత కంప్యూటర్ మీద కూడా తెర ఒణకదు.

దానివల్లే ఒక పరిమితి కూడా వచ్చింది. వాడుకోగలిగిన స్టైల్స్ కొన్నే: అక్షరం రంగు, నేపథ్య రంగు, గీతలు, నీడ, అక్షరం అంచు గీత లాంటివి. బోల్డ్ చేయలేం, అక్షరం పెద్దది చేయలేం, చుట్టూ గుండ్రటి అంచు పెట్టలేం, నేపథ్యంలో బొమ్మ పెట్టలేం. స్థానాలు మారే ఏ పనికీ అనుమతి లేదు. అందమైన గుళికల్లాంటి ముద్రలు కావాలనుకునేవాళ్లకు ఇది నిరాశే. దస్తావేజుకు అవేవీ అక్కర్లేదు కాబట్టి దీనికి నేను మార్కు తగ్గించలేదు.

తగ్గించింది మరో రెండింటికి. రంగు పడిన మాట మీద క్లిక్ చేస్తే ఆ హైలైట్‌కు కబురు అందదు. అది పేజీలో భాగం కాదు కాబట్టి దానికి క్లిక్ ఉండదు. మౌస్ ఉన్నచోట ఏ అక్షరం ఉందో బ్రౌజర్‌ని అడిగి, అది మన రేంజ్‌లలో దేంట్లో పడుతుందో మనమే చూసుకోవాలి. 2025లో క్రోమ్ 140లో, ఇచ్చిన బిందువు దగ్గర ఏయే హైలైట్లు ఉన్నాయో చెప్పే ఫంక్షన్ ఒకటి చేరింది. అది అన్ని బ్రౌజర్లలోకీ వస్తే ఈ ఫిర్యాదు పోతుంది. నేను ప్రస్తుతానికి పక్క పట్టికలోని వరుస మీద క్లిక్ చేస్తే రాతలో ఆ చోటికి వెళ్లేలా పెట్టుకున్నాను.

రెండోది చూపు లేనివాళ్ల సంగతి. తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడే మనిషికి ఈ రంగు ఉన్నట్టే తెలియదు. హైలైట్‌కు టైప్ అని ఒక లక్షణం ఉంది, అక్షరదోషం, వ్యాకరణదోషం అని గుర్తించవచ్చు, కానీ దాని మీదే ఆధారపడి పేజీ కట్టకూడదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లూ మన మధ్య చాలామంది ఉన్నారు. అందుకే రంగు చెప్పే ప్రతి సంగతీ పక్కన మాటల్లో కూడా ఉండాలి. నిజంగా ముఖ్యమని శాశ్వతంగా చూపాల్సిన మాట అయితే మార్క్ ట్యాగే సరైనది, ఎందుకంటే అది పేజీ అర్థంలో భాగం.

ఏ బ్రౌజర్‌లో ఎప్పటి నుంచి ఉందో కూడా చెప్పాలి. క్రోమ్, ఎడ్జ్‌లలో 105 నుంచి, అంటే 2022 ఆగస్టు, సెప్టెంబరు నుంచే ఉంది. సఫారీలో 17.2తో 2023 డిసెంబరులో వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌లో 140తో 2025 జూన్‌లో వచ్చింది. కింద గీత, నీడ మాత్రం అందులో అప్పటికి పనిచేయవని ఆ విడుదల నోట్స్‌లోనే రాశారు. కాబట్టి అనుమానాన్ని అల గీతతో మాత్రమే చూపిస్తే అలాంటి వెర్షన్‌లో కనబడదు, నేపథ్య రంగు కూడా ఇవ్వాలి.

మా దగ్గర చాలా డీటీపీ షాపుల్లో ఇంకా విండోస్ 7 నడుస్తోంది. పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్, పాత ప్రింటరు దాని మీద అలవాటైపోయాయి, మార్చరు. విండోస్ 7కి వచ్చిన చివరి క్రోమ్ 109. అది 105 కంటే తర్వాతిదే కాబట్టి కస్టమ్ హైలైట్ అందులో పనిచేస్తుంది. అదే విండోస్ 7 మీద చివరిదాకా నిలిచిన ఫైర్‌ఫాక్స్ 115లో ఇది లేదు. అంటే పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకు కూడా దారి ఉంది, సరైన బ్రౌజర్ తెరిస్తే చాలు. అలాంటి కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కు తగిలించకుండా, పేజీని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి వాడుకోవడం మంచిది.

ప్రింటు ఆ పేజీ నుంచే తీసేవాళ్లకు ఒక జాగ్రత్త. ప్రింటు మొదలయ్యే ముందు బ్రౌజర్ ఒక కబురు పంపుతుంది. అది అందగానే హైలైట్స్ పట్టికను క్లియర్ చేసేయండి. ఒక్క లైను. పట్టిక ఖాళీ అయితే రంగులన్నీ ఒక్కసారిగా పోతాయి, రాతలో దేన్నీ వెనక్కి మార్చాల్సిన పని ఉండదు.

దస్తావేజులే కాదు, పరీక్ష ప్రశ్నపత్రాలు సరిచూసే మాస్టర్లు, పెళ్లి పత్రికలు కొట్టేవాళ్లు, కోర్టు కాగితాలు టైపు చేసేవాళ్లు, ఎవరి రాతలో ఒక్క అక్షరం కూడా దానంతట అది మారకూడదో వాళ్లందరికీ ఇది పనికొస్తుంది. చదివేవాళ్లు తమ గుర్తులు దాచుకుని రేపు మళ్లీ చూసుకోవాలంటే మాత్రం అదనపు పని ఉంటుంది. హైలైట్లు పేజీ మూయగానే పోతాయి, ఎక్కడ మొదలు ఎక్కడ చివర అన్నది మీరే దాచి, తెరిచినప్పుడు మళ్లీ కట్టాలి.

మొదలుపెట్టే ముందు మీ షాపులోని ప్రతి కంప్యూటర్ మీదా బ్రౌజర్ కన్సోల్, అంటే జావాస్క్రిప్ట్ లైన్లు కొట్టి చూసే పెట్టె, తెరిచి, సీఎస్ఎస్ డాట్ హైలైట్స్ అని కొట్టి చూడండి. హైలైట్ రిజిస్ట్రీ అనే పట్టిక పేరు వస్తే రంగులతో వెళ్లండి. అన్‌డిఫైన్డ్ అని వస్తే ఆ కంప్యూటర్‌కు పక్క పట్టిక ఒక్కటే చూపించేలా పేజీలో ఏర్పాటు పెట్టండి, ఎందుకంటే వెతుకులాట మన జావాస్క్రిప్టే కాబట్టి అది అక్కడ కూడా నడుస్తుంది.